సరళకుమారి కొన్న క్విక్‌షిఫ్టర్

“గేరు సగంలో ఇరుక్కుంటే మనిషి ఎగిరి అవతల పడతాడా?”

అనుగ్రహ ఆ మాట తెలుగులోనే అడిగింది. ఢిల్లీ కరోల్‌బాగ్‌లో బైకు సామాన్లు అమ్మే ఆ ఇరుకు కొట్లో తెలుగు తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు ఆమె, రెండోవారు ఆమె అత్తగారు సరళకుమారి. కౌంటరు మీద మూడు డబ్బాలు మూతలు తీసి ఉన్నాయి. ఒక్కోదానిలో అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దదైన నల్లటి పెట్టె, దానికి వేలాడే వైర్లు, చిటికెన వేలంత కడ్డీ. ఆరు నెలల షారోను తల్లి భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

సరళకుమారి కళ్లజోడు నుదుటి మీదికి తోసి, డబ్బాలోని కాగితాన్ని కళ్ల దగ్గరకు తెచ్చుకుని చూస్తోంది, మందు సీసా మీద గడువు తేదీ వెతుకుతున్నట్టు.

“అత్తయ్యా, మిమ్మల్నే.”

“వింటున్నానమ్మా. ఎగిరి పడతాడో లేదో ఈ కాగితంలో రాయరు. ఉండు.”

సరళకుమారిది నరసాపురం. మిషను ఆసుపత్రిలో నర్సింగు నేర్చుకుని, తోటి అమ్మాయిలతో కలిసి ఢిల్లీ రైలెక్కింది. చెల్లెళ్ల చదువులు గట్టెక్కితే వెనక్కి వెళ్లిపోదామనుకుంది. చెల్లెళ్లు గట్టెక్కారు గానీ ఆవిడ ఇక్కడే ఉండిపోయింది. ఆసుపత్రి స్టోర్సులో గుమాస్తాగా చేసే సాలొమోను ప్రార్థన కూడికలో పరిచయమై ఆవిణ్ని పెళ్లాడాడు. మెత్తటి మనిషి, రోగిష్టి మనిషి. కొడుకు రూబెన్ పన్నెండో తరగతిలో ఉండగా ఆయన కిడ్నీలు పాడై చనిపోయాడు. ఆయన ఉన్నప్పుడైనా పోయాకైనా ఢిల్లీ ద్వారకలోని ఆ రెండు గదుల ఇల్లు నడిచింది మాత్రం సరళకుమారి నైట్ డ్యూటీల మీదే.

జీవితమంతా ఐసీయూలో వెంటిలేటర్ల పక్కన నిలబడడం వల్ల ఆవిడకు ఒక అలవాటు పట్టుకుంది. ఏ వస్తువు కొనబోయినా అది ఎలా పనిచేస్తుందని అడగదు. పాడైతే ఏం చేస్తుందని అడుగుతుంది. గీజరు కొన్నా అంతే, కుక్కరు కొన్నా అంతే. అనుగ్రహ కాపురానికి వచ్చిన కొత్తలో చర్చి సంఘంలో ఎవరో ఆవిణ్ని ఆట పట్టించారు.

“కోడల్ని కూడా అలా అడిగే తెచ్చుకున్నావా సరళా?”

“అడక్కుండా ఉంటానా? కోపమొస్తే పుట్టింటికి పోతుందా, అన్నం మానేస్తుందా అన్నాను. అన్నం మానేస్తుందన్నారు. పర్లేదులే, ఒక పూటే కదా అనుకున్నాను.”

అందరూ నవ్వారు. అనుగ్రహ కూడా నవ్వింది. అప్పటికి ఆమెకు ఆ ఇంటి సంగతులు పూర్తిగా తెలియవు.

తర్వాత ఒక్కొక్కటీ తెలిశాయి. అటక మీద అట్టపెట్టెల్లో రూబెన్ చిన్ననాటి వస్తువులున్నాయి. పుట్టినరోజుకు డ్యూటీ పడిన ఏడు రిమోట్ కారు వచ్చింది. స్కూల్లో వాడు పాట పాడితే వినడానికి వెళ్లలేకపోయిన ఏడు కీబోర్డు వచ్చింది. క్రిస్మస్ ఆరాధనకు తండ్రీ కొడుకులే వెళ్లిన ఏడు గేర్ల సైకిలు వచ్చింది. ఏదీ చవకబారుది కాదు. డ్యూటీ దిగి, ఎర్రబడిన కళ్లతో నాలుగు కొట్లు ఎక్కి దిగి, నాలుగు చోట్లా పాడైతే ఏం చేస్తుందని వేధించి తెచ్చినవే. సైకిలు ఇంటికి వచ్చిన రోజున వాడికి తొక్కడమే రాదని ఆవిడకు తెలియదు. తర్వాత అపార్టుమెంటు వాచ్‌మన్ నేర్పాడు.

ఆ సైకిలు కుర్రవాడే ఇప్పుడు గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చలికాలం మొదలైన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా, నెలకో రెండు నెలలకో ఒకసారి, తెల్లవారకముందే లేచి ఎక్స్‌ప్రెస్‌వే అవతల ఉన్న రేసు ట్రాకుకు పోతాడు. డబ్బు కట్టిన వాళ్లెవరైనా సొంత బైకు తెచ్చుకుని అక్కడ రోజంతా తోలుకోవచ్చు. పోలీసులుండరు, గతుకులుండవు, ఎదురుగా ఎవరూ రారు. ఆ బైకు మీదే ఆఫీసుకు పోతాడు, ఆదివారం భార్యను ఎక్కించుకుని చర్చికి పోతాడు.

షారోను పుట్టాక అనుగ్రహకు ఆ ట్రాకు పేరెత్తితేనే గుండెల్లో రాయి పడేది. ఆమెది చీరాల. ఢిల్లీ ధౌలా కువాన్‌లోని కాలేజీలో ఫిజిక్స్ చదివింది. ఆన్‌లైన్ కోచింగు కంపెనీకి ఇంట్లో కూర్చుని పాఠాలు రాసేది. చదువు ఆమె భయాన్ని తగ్గించలేదు సరికదా, దానికి లెక్కలు నేర్పింది. గంటకు నూటయాభై కిలోమీటర్ల వేగంతో పోయే మనిషి కన్ను మూసి తెరిచేలోపు ఎంత దూరం పోతాడో ఆమెకు తెలుసు. పాప అన్నం తింటుంటే గొంతు సన్నని గొట్టంలా కనిపించేది. భర్త హెల్మెట్ తీసుకుంటుంటే అతని బరువూ వేగమూ కళ్ల ముందు గుణించుకుపోయేవి.

ఒక ఆదివారం అన్నాల దగ్గర రూబెన్ తనకు తాను చెప్పుకుంటున్నట్టు చెప్పాడు. “నాది పాత బైక్ కదా, గేరు మార్చాలంటే యాక్సిలరేటర్ వదలాలి, క్లచ్ నొక్కాలి. ఒంగి ఉన్నప్పుడు అలా చేస్తే బండి ఝట్కా ఇస్తుంది. పోయినసారి పడేవాణ్నే. బచ్ గయా, తప్పించుకున్నాను. క్విక్‌షిఫ్టర్ ఉంటే ఆ గోలే ఉండదు. సోచ్‌నా పడేగా, ఏదో ఒకటి ఆలోచించాలి.”

ఇద్దరాడవాళ్లూ ముద్ద చేతిలోనే పెట్టుకుని అతని వంక చూశారు. అతను పప్పు వడ్డించుకుంటున్నాడు.

అతను లేవగానే అనుగ్రహ అంది. “మీరు చెబితే మానేస్తారు అత్తయ్యా. ఒక్క మాట చెప్పండి.”

“నేను చెబితే వాడు వినే వయసులో నేను డ్యూటీలో ఉన్నానమ్మా.”

“ఇప్పుడు రిటైరయ్యారు కదా!”

“అయ్యాను. వాడు వినే వయసు కూడా అయిపోయింది.” కంచాలు తీస్తూ అంది. “ఆ షిఫ్టరో ఏదో అన్నాడే, అదేంటి?”

అనుగ్రహకు ఒళ్లు మండిపోయింది. కొడుకును ఆపవమ్మా అంటే వాడికి సామాను కొంటానంటుంది. అయినా ఆ సాయంత్రం కంప్యూటరు ముందు కూర్చుని చదివింది, ఎందుకంటే భయపడేవాళ్లకు చదవడం ఒక్కటే చేతనైన పని. గేరు లీవరు నుంచి ఇంజను దాకా పోయే కడ్డీకి చిన్న మీట పెడతారు. పాదం లీవరును కదిలించగానే అది నల్ల పెట్టెకు చెబుతుంది. ఆ పెట్టె ఇంజను మంటను రెప్పపాటులో ఆపి మళ్లీ అంటిస్తుంది. ఆ సందులో గేరు జారి తర్వాతి దానిలో పడుతుంది. చేయి కదలదు, బండి కుదుపు తెలియదు. ఆగేది అరవై మిల్లీసెకన్లు. ట్రాకు మీద అది రెండున్నర మీటర్లు. షారోను ఉయ్యాల నుంచి వాకిలి దాకా ఉన్న దూరం.

“అయితే మంచిదేనా?” అంది సరళకుమారి.

“కుదుపు తగ్గుతుంది. సరైనది దొరికితే మంచిదే.”

“సరైనదే తెద్దాం. పద.”

అలా వచ్చారు కరోల్‌బాగ్‌కు.

కొట్టు యజమాని పమ్మీ లావుపాటి మనిషి. ఇలాంటి సామాను కొనడానికి ఇద్దరు ఆడవాళ్లు, చంటిపిల్లతో సహా, రావడం అతనికి కొత్త. ముందు వేళాకోళంగానే మొదలుపెట్టాడు.

“చలానేవాలీ కౌన్ హై, మాతాజీ? ఆప్ యా బిటియా?”

“ఇదే నడుపుతుంది,” అంది సరళకుమారి షారోనును చూపించి, హిందీలోనే. “దానికోసమే అడుగుతున్నాను. సరిగ్గా చెప్పు.”

పమ్మీ నవ్వి, ఖరీదైన డబ్బా ముందుకు తోశాడు. గేరు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ క్లచ్ అక్కర్లేదట. అనుగ్రహ అడ్డం వచ్చింది. తన భర్త బైకుకు యాక్సిలరేటర్ తీగతో లాగేదే గానీ కరెంటుతో నడిచేది కాదు, దిగేటప్పుడు అది పనిచేయదు. పమ్మీ వ్యాపారస్తుడు, ఏమీ అనుకోకుండా ఆ డబ్బా మూసి రెండోది ముందుకు జరిపాడు. ఇందులో కదిలే భాగమే లేదు, కడ్డీ మీద పాదం ఒత్తిడిని పసిగడుతుంది, ఫోనులోనే అంతా సర్దుకోవచ్చు, గేర్లు ఎటు వేసినా పనిచేస్తుంది, కుర్రాళ్లంతా ఇదే పట్టుకుపోతున్నారు.

సరళకుమారి తన ప్రశ్న తీసింది. “భయ్యా, యే ఖరాబ్ హోగా తో క్యా కరేగా?”

“ఖరాబ్ హోతా హీ నహీఁ, మాతాజీ.” అసలు పాడే కాదట.

“సబ్ ఖరాబ్ హోతా హై. ఆద్మీ భీ.” అన్నీ పాడవుతాయి, మనిషి కూడా.

పమ్మీ ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆ గొంతు ఎక్కడిదో అతనికి తెలిసినట్టుంది, ఎవరినో మంచం పక్కన చూసుకున్నవాడే అయ్యుంటాడు. మాట తగ్గించి చెప్పాడు. మే నెల ఎండలో, ఇంజను వేడికి, పాదం తగలకపోయినా తగిలిందని ఇది అప్పుడప్పుడూ భ్రమ పడుతుంది. అప్పుడు ఇంజను దానంతట అదే ఒక్క క్షణం ఆగుతుంది.

“మలుపులోనా?”

“కహీఁ భీ.” ఎక్కడైనా.

సరళకుమారి ఆ డబ్బా మూత తనే పెట్టేసింది.

మూడోది మొరటుది. కడ్డీ మధ్యలో స్ప్రింగు, స్ప్రింగులో మీట. ఒక వైపు కదిలితేనే పనిచేస్తుంది. ఫోనూ లేదు, సర్దుబాటూ లేదు. పాడైతే?

“కుఛ్ నహీఁ కరేగా,” అన్నాడు పమ్మీ. ఏమీ చేయదు. చచ్చినట్టు పడి ఉంటుంది. అబ్బాయి మామూలుగా క్లచ్ నొక్కుకుంటాడు.

“ఇదే,” అంది సరళకుమారి.

పమ్మీ బిల్లు రాయబోయి ఆగాడు. ఇందులో రెండు రకాలున్నాయి, కడ్డీ లాగితే పనిచేసేది ఒకటి, నెడితే పనిచేసేది ఒకటి. సీలు విప్పాక వెనక్కి తీసుకోడు. “గేర్ సీధా హై యా ఉల్టా?” మామూలుగానా, తలకిందులుగానా అని.

సరళకుమారి కోడలి వంక చూసింది. అనుగ్రహకు ఇది తెలిసిన విషయమే. ప్రతి ఆదివారం వెనక సీటులో కూర్చుని, అతని భుజం మీదుగా తల వంచి చూస్తూనే ఉంటుంది. మొదటి గేరుకు పాదం కిందికి నొక్కుతాడు, మిగతావాటికి బొటనవేలితో పైకి లేపుతాడు. ఇలాంటి బళ్లన్నీ అంతే.

“సీధా,” అంది.

“ఖాయమేనా అమ్మాయ్?”

“వారం వారం చూసేదే కదా అత్తయ్యా.”

రూబెన్ ఆఫీసు పని మీద బెంగళూరు వెళ్లిన వారంలో పమ్మీ పంపిన మెకానిక్కు వచ్చి, అపార్టుమెంటు బేస్‌మెంటులో దాన్ని బిగించి వెళ్లాడు. రూబెన్ తిరిగొచ్చిన రోజు తల్లి అతన్ని కిందికి తీసుకెళ్లి చూపించింది. అనుగ్రహ పాపతో వెనకే నిలబడింది.

అతను బైకు పక్కన గొంతుకూర్చున్నాడు. కడ్డీ మీద వేలు పెట్టి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు రాశాడు. లీవరును చేత్తో పైకి లేపి చూశాడు, కిందికి నొక్కి చూశాడు. మళ్లీ మొదటి నుంచి అదే చేశాడు.

“బాలేదా?” అంది సరళకుమారి.

“అచ్ఛా హై మమ్మీ. బహుత్ అచ్ఛా హై.”

“పాడైనా భయం లేదన్నాడు. నాలుగు రకాలుగా అడిగాను.”

“నువ్వడిగే ఉంటావ్, నాకు తెలీదా.” అతను లేచి చేతులు తుడుచుకున్నాడు. మూతి బిగించిన ఆ వాలకం చూసి అనుగ్రహకు కోపం వచ్చింది. ముసలావిడ అంత దూరం పోయి తెస్తే, ఒక థాంక్స్ చెప్పడానికి నోరు రాదేం అనుకుంది.

“ఈసారి నేనూ వస్తాను,” అంది సరళకుమారి. “ఎలా పనిచేస్తుందో చూస్తాను.”

రూబెన్ చటుక్కున తిరిగాడు. “నిజంగా? డ్యూటీ లేదా?”

“రిటైరయ్యాను కదరా.”

“హా. భూల్ గయా, మరిచిపోయాను.” అప్పుడు నవ్వాడు. ముప్పై దాటినవాడు, బిడ్డ తండ్రి, ఆ నవ్వులో మాత్రం స్కూలు యూనిఫారంలో ఉన్నట్టున్నాడు. “పక్కాగా రావాలి మమ్మీ. చివరి నిమిషంలో సిస్టర్ లీవ్ పెట్టింది, ఇంకెవరూ లేరు అనకూడదు.”

“ఇంకా ఆ మాట మరిచిపోలేదురా నువ్వు?”

“వో తో లోరీ థీ మేరీ. అదే నా జోలపాట,” అన్నాడు.

మార్చి నెలలో వెళ్లారు. ట్రాకు పక్కన బళ్లు నిలిపే షెడ్లలో అతని బైకు, పెద్ద పెద్ద విదేశీ బైకుల మధ్య, పెళ్లికి స్కూలు బట్టలతో వచ్చిన పిల్లాడిలా ఉంది. వాటన్నిటికీ క్విక్‌షిఫ్టరు కంపెనీ నుంచే వస్తుందని ఒక సన్నగడ్డం కుర్రాడు అనుగ్రహకు ఇంగ్లీషులో చెప్పాడు, జాలిగా. రూబెన్‌కు ఇక్కడ ఒక్కడే స్నేహితుడు. సుహాస్, హైదరాబాదువాడు, నోయిడాలో ఉంటాడు. లెదరు సూటు భుజాల మీదికి లాక్కుంటూ వచ్చాడు.

“నమస్తే ఆంటీ. వదినా, బాగున్నరా? పాపని గిట్ల దుమ్ములకు తెచ్చినరేంది?” అని, బైకు వంక చూసి ఆగాడు. “ఏంరా, లీవర్ ఇంక గట్లనే ఉంచినవ్?”

“ఈ రోజు ఇలాగే.”

“దిమాగ్ ఖరాబైందా?”

“సుహాస్. చుప్. తర్వాత.” రూబెన్ కళ్లతో తల్లి వైపు చూపించాడు. సుహాస్ నోరు మూసుకున్నాడు. మగవాళ్ల గోల ఏదోలే అనుకుంది అనుగ్రహ. షారోను చెవులకు పెట్టిన దూది మాటిమాటికీ ఊడిపోతోంది.

పొడవాటి తిన్నని దారి పక్కన గోడ వెనక నిలబడి చూశారు. మొదటి విడతలో రూబెన్ వాళ్ల ముందు నుంచి ఎన్నోసార్లు పోయాడు. అక్కడున్న ఒకటి రెండు ఇతర పాత బళ్లు గేరు మారిన ప్రతిసారీ ఊపిరి తీసుకున్నట్టు ఆగుతున్నాయి. అతని బండి రొద తెగకుండా, ఒక్కొక్క మెట్టే ఎక్కుతున్నట్టు పైకి పోతోంది.

“అదేనా?” అంది సరళకుమారి.

“అదే అత్తయ్యా.”

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు పాట విన్నానని మొట్టమొదటిసారి అనిపించిందేమో. మరోసారి వచ్చినప్పుడు అతను ఎడమ చేయి కాస్త ఎత్తాడు, క్లచ్‌తో పని లేదని చూపిస్తున్నట్టు. ఆవిడా చేయి ఎత్తింది. ఆ ఒక్క గంటసేపు అనుగ్రహ లెక్కలు వేయలేదు.

రెండో విడతకు ఎండ ఎక్కింది. రూబెన్ కొన్ని చుట్లు వచ్చాడు. తర్వాతి చుట్టుకు రాలేదు. దూరంగా అందరినీ ఆగమని ఎర్ర జెండా ఊపారు. బళ్లన్నీ ఒక్కొక్కటే వేగం తగ్గించి లోపలికి వస్తున్నాయి. వచ్చిన ప్రతి హెల్మెట్టులోకీ అనుగ్రహ తొంగి చూసింది. పక్కకు తిరిగేసరికి అత్తగారు లేదు. అప్పటికే అంబులెన్సు ఆగే గది వైపు నడుస్తోంది. పరిగెత్తడం లేదు. వార్డులో అలారం మోగితే నడిచే నడక అది.

ఎడమ వైపు కాలర్ బోన్ విరిగింది. ఎడమ మణికట్టు నాలుగైదు ముక్కలైంది. ప్రాణానికి భయం లేదన్నారు. ఆసుపత్రి వరండాలో అనుగ్రహ బెంచీ మీద కూలబడి పాపకు పాలు పడుతుంటే సుహాస్ వచ్చి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“వదినా, వాడు చెప్పొద్దన్నడు. కానీ నాకు కడుపుల ఉంచుకోవస్తలేదు.”

“క్విక్‌షిఫ్టర్ ఇరుక్కుందా?” ఆమె నోటికి అదే వచ్చింది.

“లే వదినా. అది మస్తు పనిచేసింది. వాడు ట్రాక్ మీద ఎన్నడూ సీధా గేర్ల నడపడు. పొద్దున రాంగనే లీవర్ తిప్పి పెట్టుకుంటడు, ఇంటికి పోయేటప్పుడు మళ్ల సీధా చేసుకుంటడు. అందరం గంతే. బండి ఎడమకు ఒంగినప్పుడు లీవర్ కింద కాలు పట్టది, నేలకు రాసుకుంటది. అందుకే ఉల్టా. పై గేరుకు కిందికి నొక్కుడు, కింది గేరుకు పైకి లేపుడు. మీరు తెచ్చిన మీట సీధా ఉంటెనే పనిచేస్తది. తిప్పితే అది ఉట్టిదే. మమ్మీ ఫస్ట్ టైం చూడనీకి వస్తుంది, పని చేస్తలేదని ఎట్ల చెప్పాలె అన్నడు. ఈ ఒక్క దినం సీధా నడుపుతా అన్నడు.”

అనుగ్రహ పాల సీసా బెంచీ మీద పెట్టి అతని వైపు వంగింది.

“స్ట్రెయిట్ చివర్ల బ్రేక్ కొట్టి గేర్లు దించాలె. అలసిపోయిండు. కాలు పాత అలవాటు ప్రకారం పైకి లేపింది. సీధాల పైకి లేపితే దిగయి కద. బండి ఆరో గేరులనే ఉండిపాయె. ఇంజను బండిని పట్టి ఆపలే. భయపడి ముందు బ్రేక్ గట్టిగ పట్టిండు, అప్పటికే ఒంగిండు…”

“ఉల్టా అంటే?” అన్న మాట వెనక నుంచి వినిపించింది. సరళకుమారి ఎప్పుడొచ్చి నిలబడిందో ఇద్దరూ చూసుకోలేదు. “ఇంకోసారి చెప్పు నాన్నా.”

సుహాస్ చెప్పక తప్పలేదు. అరచేయిని పాదంలా పెట్టి కిందికి నొక్కి, పైకి లేపి చూపించాడు. ఆవిడ తన అరచేయి కూడా అలాగే పెట్టి ఒకసారి కిందికి, ఒకసారి పైకి అంది. తల ఊపింది. లోపలికి వెళ్లింది. అనుగ్రహ వెనకే వెళ్లింది.

నొప్పి మందుల మత్తులో ఉన్నాడు రూబెన్. తల్లిని చూసి నవ్వబోయాడు. “మమ్మీ, నువ్వు తెచ్చింది ఫస్ట్ క్లాస్. నా కాలే భూల్ గయా.”

“ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేదిరా? వేరేది తెచ్చేదాన్ని కదా.”

“నువ్వు ఒక్కసారి వచ్చి చూసుంటే, మమ్మీ…” అని ఆగిపోయాడు. ఆ మాట మందు మత్తులో అన్నదో, ముప్పై ఏళ్లుగా దాచుకున్నదో ఎవరికి తెలుసు. కళ్లు మూసుకున్నాడు.

సరళకుమారి సెలైను గొట్టం సరిచేసింది. అది సరిగ్గానే ఉంది.

తర్వాత చాలాకాలం అనుగ్రహ ఒక మాట కోసం ఎదురుచూసింది. సీధా అన్నది నువ్వే కదా అని అత్తగారు అంటుందని. కూర తరుగుతున్నప్పుడు, పాపకు నీళ్లు పోస్తున్నప్పుడు, ఎప్పుడో ఒకప్పుడు అంటుందని. ఆవిడ అనలేదు. అంటే తిరిగి ఏమనాలో అనుగ్రహ సిద్ధం చేసుకుని ఉంది, దాన్ని వాడుకునే అవకాశం కూడా ఇవ్వలేదు. పాడైతే ఏమవుతుందని ఒకరు అడిగారు, మిల్లీసెకన్లు ఎన్నని ఒకరు లెక్కవేశారు. ఆ వస్తువులో ఏదీ పాడవలేదు. అతని కాలు అక్కడ ఎటు కదులుతుందో ఇద్దరికీ తెలియదు, అంతే.

రూబెన్ మణికట్టు పూర్తిగా తిరగదు. టైపు చేసుకోగలడు గానీ పాపను ఎడమ చేత్తో ఎత్తుకోలేడు. అది చేతులు చాస్తే కుడి వైపుకు రమ్మని పిలుస్తాడు. దానికి అది ఆట. బైకు అమ్మేశారు. కొన్నవాడూ ట్రాకువాడే. ఈ మీట నాకు పనికిరాదు, నేను ఉల్టా నడుపుతాను అని విప్పి ఇచ్చి పోయాడు. సరళకుమారి దాన్ని డబ్బాలో పెట్టి, మూత సరిగ్గా మూసి, అటక మీద కీబోర్డు పక్కన పెట్టించింది.

జూలైలో అనుగ్రహ కంపెనీ ఇంటి నుంచి పని చాలించమంది. గురుగ్రామ్ ఆఫీసుకు పోవాలి, పొద్దున పోతే పొద్దుగుంకాక రావాలి. మొదటి వారంలోనే ఒక సాయంత్రం మెట్రోలో నిలబడి ఫోనులో షారోను కోసం వస్తువు ఎంచింది. దీపాలు వెలుగుతూ అంకెలు పలికే నడక బండి. ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా ఫోను అత్తగారికి చూపించింది.

“పాడైతే ఏం చేస్తుందో మీరే చూసి చెప్పండి అత్తయ్యా.”

అందులో ఎంత వెటకారముందో ఆమెకే తెలియదు. సరళకుమారి ఫోను చేతిలోకి తీసుకోలేదు. నేల మీద షారోను బోర్లించిన గిన్నెను తోసుకుంటూ వెనక్కి పాకుతోంది. ముందుకు కాదు, వెనక్కి. వారం నుంచీ అలాగే పాకుతోందని ఆవిడకు తెలుసు. అనుగ్రహ చూడడం అదే మొదలు. ముందుకు పాకడం ఎప్పుడు మానిందో ఆమెకు తెలియదు.

ఆ నడక బండి ఇంటికి రాలేదు. దాని తర్వాత ఎంచినవి కూడా సగం రాలేదు. ఇప్పటికీ రోజు చేదుగా గడిచి ఏదో ఒకటి కొనిపడేయాలని చేయి ఫోను మీదికి పోయినప్పుడల్లా, అనుగ్రహ దాన్ని బల్ల మీద బోర్లించి, షారోను పక్కన చాప మీద కూర్చుంటుంది. చాలాసార్లు నిద్ర ముంచుకొస్తుంది. చాలాసార్లు విసుగేస్తుంది. అయినా కూర్చుంటుంది. ఆ సాయంత్రం సరళకుమారి మనవరాలి వంకే చూస్తూ, గొంతు పెంచకుండా చెప్పింది ఇదే:

“ఆ ప్రశ్న నన్ను అడక్కమ్మా, దాంతోనే నా బతుకంతా పోయింది. బిడ్డకు ఏదైనా కొనబుద్ధేస్తే ముందు ఒక పూట దాని పక్కన నేల మీద కూచో. చేతులు ఎటు పోతున్నాయో చూడు, కాళ్లు ఎటు పోతున్నాయో చూడు. అప్పటికీ కొనాలనిపిస్తే కొనుక్కో.”